గుండ్లకమ్మ సాక్ష్యము

ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బియ్యమిచ్చి మన పూర్వికులను మతములో కలిపిరని కొందరందురు. జరిగినది వినుడి.

1876–78 కరవులో ఆయన బకింగ్‌హాం కాలువపనిలో కొంత భాగము గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి యిప్పించిరి. అన్నముకొరకు ఎవరును విశ్వాసము ఒప్పుకొనరాదని, ఆ పని సాగినంతకాలము బాప్తిస్మములు నిలిపివేసిరి. కూలిపని ముగిసిన తరువాతను జనులు వచ్చిరి. 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

అందరిని దొరగారే ముంచిరని మరియొక కథ కలదు. ఆయన ఒక్కరికైనను ఇయ్యలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరి తరువాత ఇద్దరు, నీటిలో నిలిచి యిచ్చిరి.

మన పితరుల విశ్వాసము గింజలకు అమ్ముడుపోయినది కాదు. ఈ సంగతి మన పిల్లలకు చెప్పుదము.