సైనిక కుటుంబాల సన్నద్ధత (జంషెడ్‌పూర్)

ఇంటి మనిషి సైన్యంలో ఉన్నన్నాళ్ళూ వచ్చిపడే బదిలీలకు, ఎడబాటుకు, ఆపదకు ఆ ఇల్లు ముందే సిద్ధపడి ఉండటాన్ని సైనిక కుటుంబ సన్నద్ధత అంటారు. గుండె దిటవు చేసుకోవడం అందులో ఒక భాగం. మన దేశంలో అంతకన్నా ముందు చూసుకోవలసినవి కాగితాలు. జార్ఖండ్‌లోని తూర్పు సింగ్‌భూమ్ జిల్లా కేంద్రమైన జంషెడ్‌పూర్‌లో ఈ సంగతి బాగా తెలిసివస్తుంది.

ఈ ఊరికి పేరు వచ్చిందే యుద్ధం వల్ల. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడి టాటా కర్మాగారం మెసొపొటేమియా వంటి రంగాలకు రైలు పట్టాలు అందించింది. ఆ సాయాన్ని తలచుకుని 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చి అనే ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. రెండో యుద్ధంలో ఇక్కడి ఉక్కుపలకలతో చేసిన సాయుధ వాహనాన్ని సైనికులు ‘టాటానగర్’ అనే పిలిచారు. అయినా ఇది కంపెనీ ఊరు, దండు ఊరు కాదు. రెజిమెంట్ కేంద్రాలున్న రామ్‌గఢ్‌లో అయితే ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలో పక్క క్వార్టరు ఆవిడే చెబుతుంది. ఇక్కడ పక్కింటివాళ్ళది ఉక్కు కర్మాగారం జీతం. క్వార్టరు, ఆసుపత్రి, నీళ్ళు వాళ్ళకు కంపెనీ చూసింది. జవాను భార్య తన పని తానే కనుక్కోవాలి.

ఉక్కు పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగువాళ్ళు ఇక్కడ తరాలుగా ఉన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వాళ్ళదే. వాళ్ళ పిల్లలు సైన్యంలో చేరితే ముందు ఎదురయ్యేది పేరు చిక్కు. సర్వీసు రికార్డులో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది, హిందీ బడి సర్టిఫికెట్‌లో చివరికి పోతుంది. తల్లి పేరు ఒకచోట అప్పలనరసమ్మ, ఒకచోట నర్సమ్మ, ఇంకోచోట అప్పల నరసమ్మ దేవి. మామూలు రోజుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. పింఛను కాగితం ముందుకు కదలాల్సిన రోజున మాత్రం ముగ్గురు అప్పలనరసమ్మలూ ఒక్కరేనని అఫిడవిట్లతో రుజువు చేసుకోవాలి. సంతాలీ, హో కుటుంబాల పేర్లకూ ఇలాంటి తిప్పలే.

పెళ్ళయినా, బిడ్డ పుట్టినా యూనిట్ ఆఫీసు పార్ట్ టూ ఆర్డర్ అనే ఉత్తర్వు వేస్తేనే ఆ సంగతి రికార్డుకెక్కుతుంది. అది పడకపోతే భార్యకు డిపెండెంట్ కార్డు రాదు, క్వార్టరు రాదు, రేపు ఏదైనా జరిగితే ఆమె భార్య అని సైన్యానికి తెలియదు. బీమా, ప్రావిడెంట్ ఫండ్‌లలో పెళ్ళికి ముందు రాసిన నామినేషన్లు కూడా అలాగే ఉండిపోతుంటాయి. సెలవు ముగిసే రోజు జవాను తన నల్ల ట్రంకుపెట్టె మీద వెలిసిపోయిన నంబరును, పేరును, యూనిట్‌ను తెల్లరంగుతో మళ్ళీ దిద్దుకుంటాడు. ఆ పెట్టె అతనితోనే వెళ్ళిపోతుంది. దాని మీద ఉన్న మూడు ముక్కలూ, రికార్డ్ ఆఫీసు చిరునామాతో సహా, ఇంట్లో బీరువా తలుపు లోపలివైపు రాసి ఉండాలి. నా లెక్కలో అన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఇదే.

ఫీల్డ్ పోస్టింగ్‌కు కుటుంబాన్ని తీసుకువెళ్ళడానికి లేదు. అప్పుడు భార్యాపిల్లలు ఏదైనా స్టేషన్‌లోని ఎస్ఎఫ్ (సెపరేటెడ్ ఫ్యామిలీ) క్వార్టర్లలో ఉంటారు, లేదా అత్తవారింటికి వస్తారు. బదిలీ ఉద్యోగుల పిల్లల చదువు తెగిపోకూడదనే 1963లో కేంద్రీయ విద్యాలయాలు మొదలయ్యాయి. ఆర్మీ పబ్లిక్ స్కూళ్ళు ఆ తర్వాత వచ్చాయి. 1966లో ఏర్పడిన ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్, ఆవా, యూనిట్ ఉన్నచోట భార్యలకు తోడు. మొగుడు సరిహద్దులో, తాను ఈ ఊరి కద్మాలో ఉన్న ఇల్లాలికి ఆ తోడు అందదు. ఆమెకు దగ్గర దారి సైనిక సంక్షేమ కార్యాలయం, ఊళ్ళోని మాజీ సైనికుల సంఘాలు. రిటైరైనవాళ్ళకు, వాళ్ళ మీద ఆధారపడినవాళ్ళకు 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఉంది.

2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ సంతోష్‌బాబు, ఆయన దళంలోని సిపాయి గణేశ్ హాంస్దా ఇద్దరూ నేలకొరిగారు. కర్నల్‌ది సూర్యాపేట, చదివింది విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో. గణేశ్‌ది ఈ తూర్పు సింగ్‌భూమ్‌లోనే బహరాగోడా ప్రాంతపు పల్లె. కర్నల్ భార్యాపిల్లలు అప్పుడు ఢిల్లీలో, తల్లిదండ్రులు సూర్యాపేటలో ఉన్నారు. ఒక్క కబురు రెండు గడపలకు చేరవలసి వచ్చింది. యుద్ధరంగంలో మరణించినవారి కుటుంబానికి చివరి జీతంతో సమానమైన లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం కర్నల్ భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. ఏ ఇంట్లోనైనా భార్యకూ తల్లిదండ్రులకూ మధ్య బీమా, ప్రావిడెంట్ ఫండ్ పైకం గురించి పేచీ రాకుండా ఉండాలంటే, నామినేషన్ల సంగతి, వీలునామా సంగతి జవాను బతికుండగానే అందరి ముందూ మాట్లాడుకోవాలి. అపశకునమని దాటవేసే ఇళ్ళే ఎక్కువ. ఆ భయం అర్థమవుతుంది, కానీ దాని బరువు మోసేది చివరికి ఆ ఇంటి ఆడవాళ్ళే.

కోర్టు పనులకూ ఇల్లు సిద్ధపడి ఉండాలి. యుద్ధం వంటి ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేస్తున్న జవాను పొలం తగాదాలో కోర్టుకు రాలేకపోతే, అతని పరోక్షంలో కేసు నడవకుండా ఆపించే వీలు 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టంలో ఉంది. 2025 జూలై 26న జాతీయ న్యాయసేవల సంస్థ సైనిక కుటుంబాల కోసమే వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది. దాని కింద సైనిక సంక్షేమ కార్యాలయాల్లోనే ఉచిత న్యాయ సలహా దొరుకుతుంది.

2022లో వచ్చిన అగ్నిపథ్ భర్తీ పథకంతో ఈ లెక్కలు కొన్ని మారాయి. అగ్నివీరుడి కొలువు నాలుగేళ్ళు. ఆపైన నలుగురిలో ఒకరికి మించి కొనసాగరు. 48 లక్షల రూపాయల బీమా, వెళ్ళేటప్పుడు సుమారు 11.71 లక్షల సేవా నిధి ఉంటాయి. నాలుగేళ్ళకే వెళ్ళిపోయినవాళ్ళకు పింఛను ఉండదు, తర్వాత ఈసీహెచ్ఎస్ కార్డూ ఉండదు. కొడుకు సైన్యంలో చేరాడు కాబట్టి ముసలితనంలో తమ వైద్యానికి దిగులు లేదనుకునే తల్లిదండ్రులకు ఈ మాట అతను శిక్షణకు బయల్దేరకముందే చెప్పాలి.