రైతు, కౌలు, కార్డు: కొన్ని మాటలకు వివరణ

రైతు: సాగు చేసేవాడు రైతు అని ఊరు అంటుంది. ప్రభుత్వ పథకాల్లో ఎక్కువ వాటికి పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడే రైతు. అంటే దున్నడం, నాటడం, కోయడం కాదు, రికార్డులో పేరే ప్రమాణం. చిన్న రైతుల ఉద్యమానికీ అధికారానికీ మధ్య పేచీ అంతా ఈ రెండు అర్థాల దగ్గరే ఉంది.

సన్నకారు, చిన్నకారు: రెండూ ఒకటే అనుకోవడం పొరపాటు. హెక్టారు లోపు, అనగా దాదాపు రెండున్నర ఎకరాల లోపు కమతమైతే సన్నకారు. ఒకటి నుంచి రెండు హెక్టార్ల మధ్య ఉంటే చిన్నకారు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో 86 శాతం వీరివే. సాగు విస్తీర్ణంలో వీరి వాటా 47 శాతం. నోటిమాట కౌలు రికార్డుకెక్కదు కనుక ఈ లెక్కలో కౌలుదారు సరిగా కనబడడు.

రైతు సంఘం: ఆచార్య రంగా వంటివారి నాయకత్వంలో ఆంధ్రలో రైతు సంఘాలు బలపడినప్పుడు ఎదుట ఉన్నది జమీందారు. అందువల్ల ఎకరం రైతూ, ముప్పై ఎకరాల రైతూ ఒకే జెండా కింద నిలబడ్డారు. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందారు తొలగాక పొలాన్ని కౌలుకిచ్చే రైతు, కౌలుకు తీసుకునే రైతు ఎదురెదురయ్యారు. ఇద్దరి పేరూ రైతే. రంగా 1951లో కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1959లో సహకార సేద్యాన్ని వ్యతిరేకించిన స్వతంత్ర పార్టీలో చేరి ముందు వరుసలో నిలిచారు. దీన్ని మాట తప్పడం అనరాదు. ఆయన ఉద్దేశంలో రైతు అంటే సొంత భూమి ఉన్న సేద్యగాడు. ఆ అర్థమే శాసనసభల్లో నిలదొక్కుకుంది.

కౌలు: ఇక్కడ తొందరపడరాదు. తెలంగాణ సాయుధ పోరాటం సాగుతున్న రోజుల్లోనే 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. అది ‘రక్షిత కౌలుదారు’కు, అంటే నిర్ణీత కాలం సాగులో ఉన్నట్టు నమోదైనవాడికి, భూమి మీద హక్కు కల్పించింది. ఆంధ్ర ప్రాంతానికి 1956లో వేరే కౌలుదారీ చట్టం వచ్చింది. మేలైన చట్టాలే. కాని కాగితం రాస్తే భూమి చేజారుతుందన్న భయం యజమానుల్లో పాతుకుపోయింది. అందుకే కౌలు ఒప్పందం నోటిమాటకు దిగింది. కాగితం లేదు కనుక బ్యాంకు అప్పు లేదు, పంట నష్టపరిహారం లేదు. పరిహారం యజమాని ఖాతాలో పడుతుంది, నష్టం కౌలుదారు నెత్తిన పడుతుంది.

కార్డు: కౌలుదారులను గుర్తించాలని 2004లో జయతీ ఘోష్ అధ్యక్షతన ఏర్పడిన రైతు సంక్షేమ కమిషన్ చెప్పింది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారుల చట్టం వచ్చింది. దాని కింద ఇచ్చేది రుణ అర్హత కార్డు. అనగా ఏడాది పాటు అప్పుకు, బీమాకు, పరిహారానికి అర్హత; భూమి హక్కు మాత్రం కాదు. దీనికి యజమాని రాతపూర్వక అంగీకారం అక్కరలేదు. ఈ చట్టం బలమంతా అందులోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం అడిగింది. పేరులో హక్కు చేరింది. ఆచరణలో తాళంచెవి యజమాని చేతికి తిరిగి వెళ్లింది.

పెట్టుబడి సాయం: తెలంగాణ 2018లో ప్రారంభించిన రైతుబంధు పట్టాదారుకు ఎకరానికి డబ్బు ఇచ్చింది, కౌలుదారుకు ఇవ్వలేదు. కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కిసాన్ కూడా భూమి ఉన్న కుటుంబాలకే. ఆంధ్రప్రదేశ్ రైతు భరోసా కౌలుదారులను చేర్చుకుంది, కాని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలవారినే.

విజయం: 2021 నవంబరులో మూడు సాగు చట్టాలు రద్దయ్యాయి. అది నిజమైన గెలుపే. అయితే మద్దతు ధరకు చట్టబద్ధత అప్పుడు రాలేదు. వచ్చినా, తన పేరు మీద ధాన్యం అమ్ముకోలేని కౌలుదారుకు అది చేరదు. అందుచేత రైతు సంఘాలు ధర కంటే ముందు పెట్టవలసిన డిమాండు ఒకటుంది: కార్డుకు యజమాని సంతకం తీసేయండి, ఎవరు సాగు చేస్తున్నారో గ్రామసభను చెప్పనివ్వండి.