ప్రార్థన చేసి వచ్చేశాను, పొయ్యి వైపు చూడలేదు



కొన్నేళ్ల క్రితం మా సంఘంలో ఒక సహోదరునికి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి మూడుసార్లు పట్టణానికి వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. నేను ప్రతి బుధవారం వారి ఇంటికి వెళ్లి, తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి వచ్చేవాణ్ని. ఆరోగ్యశ్రీ ఉంది గనుక డబ్బుకు ఇబ్బంది లేదులే అనుకున్నాను.

రెండు నెలల తరువాత వారి పెద్దబ్బాయి తాపీమేస్త్రి దగ్గర ఇసుక మోస్తూ కనిపించాడు. పదో తరగతి పిల్లవాడు. "బడికి పోలేదా నాన్నా?" అంటే తల దించుకున్నాడు. సాయంత్రం వాళ్లమ్మను అడిగాను.

"వైద్యం ఉచితమే అయ్యగారూ. కానీ ఆయన కూలి పోయింది. తోడు వెళ్లాలి గదా, నా కూలీ పోయింది. ఇద్దరికీ ఆటో, బస్సు చార్జీలు. మిరపకాయ కోతలన్నీ ఆసుపత్రి మెట్ల మీదే అయిపోయాయి" అంది. ఆమె చెవులకు కమ్మలు లేవు. ఎనిమిది వారాలు ఆ ఇంటికి వెళ్లాను. ఒక్కసారి కూడా వాళ్ల పొయ్యి వైపు చూడలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక, సెమినరీలో రాసుకున్న సంఘ చరిత్ర నోట్సు తీశాను. ఆదిమ సంఘం గురించి అప్పుడు పరీక్ష కోసం చదివిన సంగతులు ఈసారి నన్నే ప్రశ్నించాయి.

క్రీ.శ. 155 ప్రాంతంలో రోమాలో జస్టిన్ అనే విశ్వాసి, చక్రవర్తి ఆంటోనినస్ పయస్‌కు ఒక విజ్ఞాపన రాశాడు. క్రైస్తవులు ఆదివారం కూడుకొని ఏమి చేస్తారో అందులో వివరించాడు. లేఖనాలు చదువుతారు, బోధ వింటారు, ప్రార్థిస్తారు, రొట్టె విరుస్తారు. రాలేకపోయిన వారి ఇళ్లకు పరిచారకులు రొట్టె, ద్రాక్షారసం తీసుకువెళ్తారు. కలిగినవారు ఇష్టపూర్వకంగా ఇచ్చిన కానుక సంఘ నాయకుని దగ్గర ఉంచుతారు. ఆ సొమ్ము ఎవరికి? అనాథలకు, విధవరాండ్రకు, రోగం వల్లగాని మరే కారణం వల్లగాని లేమిలో పడినవారికి, చెరలో ఉన్నవారికి, పరదేశులకు.

'రోగం వల్ల లేమిలో పడినవారు' అన్న మాట గమనించండి. ఇల్లు నడిపే మనిషి మంచాన పడితే ఆ ఇల్లంతా పడుతుందని ఆ చిన్న సంఘానికి తెలుసు. అప్పటికి వారికి గుడి కట్టడాలు లేవు, రాజ్యం అండ లేదు. జస్టిన్‌ను చివరికి రోమాలోనే శిరచ్ఛేదం చేశారు. అంత భయంలో బ్రతికినవారి కానుక పెట్టెలో రోగి ఇంటికి పాలు ఉంది. మన కానుక పెట్టెలో ఉందా?

క్రీ.శ. 197 ప్రాంతంలో కార్తేజి పట్టణపు టెర్టూలియన్ కూడా ఇలాగే రాశాడు. నెలకొకసారి ఎవరి శక్తికొలది వారు కొంత వేస్తారు, బలవంతం లేదు. అది విందులకు కాదు. బీదల తిండికి, వారి సమాధి ఖర్చుకు, తల్లిదండ్రులు లేని పిల్లలకు, ముసలివారికి.

మన దగ్గరికి వద్దాం. 1910లలో అనేక మిషన్లు కలిసి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగులకు ఆసుపత్రి కట్టారు. డెన్మార్క్ దేశపు వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్ అక్కడ ఎన్నో ఏళ్లు సేవ చేశాడు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారమే వైద్యం, అదీ నెలల తరబడి. గొప్ప పరిచర్యే. కానీ సంపాదించే తండ్రి అన్ని నెలలు దూరాన మంచం మీద ఉంటే ఇంటి దగ్గర పిల్లలు ఏమి తింటారు?

1956లో మద్రాసులో మొదలైన ఒక వైద్య పరిశోధన దీనికి కొంత జవాబు చూపింది. పేద క్షయ రోగులలో కొందరిని ఆసుపత్రిలో ఉంచి, కొందరిని ఇంటి దగ్గరే ఉంచి, ఏడాదిపాటు మందులిచ్చారు. ఇళ్లు ఇరుకు, తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినా ఇంటి దగ్గర ఉన్నవారికీ దాదాపు అంతే నయమైంది. ఇంటివారికి జబ్బు అంటుకోవడమూ పెరగలేదు. 1959లో ఆ ఫలితాలు వెలువడ్డాక, లోకమంతటా క్షయ వైద్యం మెల్లగా ఇంటి వైపు మళ్లింది. రోగిని ఇంటి నుండి విడదీయనక్కర లేకపోతే, ఆ ఇంటిని నిలబెట్టడం కూడా వైద్యంలో భాగమే గదా!

మార్కు 7:9–13లో ప్రభువు కొర్బాను గురించి పలికిన మాటలు మనకు తెలుసు. దేవునికి అర్పితమని చెప్పి తల్లిదండ్రులకు అందవలసినది ఆపివేసినవారిని ఆయన గద్దించాడు. ఆ నెల మా దగ్గర మైకు సెట్టు కోసం కూడబెట్టిన సొమ్ము ఉంది. ఆ వాక్యం నా గొంతు పట్టుకుంది.

పెద్దలతో కూర్చున్నాను. మైకు సెట్టు ఆగింది. సొమ్ము పెద్దదేమీ కాదు, చార్జీలకు సరిపోయింది. అంతకంటె మేలు చేసింది మా యౌవనస్థులు. వంతులు వేసుకొని ఆయనకు తోడు వెళ్లారు, ఆ తల్లి తిరిగి కూలికి వెళ్లగలిగింది. స్త్రీల సమాజం వారు పిడికెడు బియ్యం ఆ ఇంటికి పంపారు. సంఘంలో లేని పక్కింటి పెద్దాయన కూడా ఒక బస్తా వడ్లు తెచ్చి ఇచ్చాడు.

మేము ఆలస్యంగా మేలుకున్నాము. అబ్బాయికి ఆ సంవత్సరం పోయింది. మరుసటి ఏడు పరీక్ష రాసి పాసయ్యాడు. తండ్రి ఆ ఫలితాలు చూడకుండానే ప్రభువునందు నిద్రించాడు. మా ప్రార్థనకు మేము కోరిన జవాబు రాలేదు. అయితే వారి అరెకరం అమ్ముడుపోలేదు, పిల్లవాడు ఇసుక తట్ట దించాడు. దానికై దేవునికి స్తోత్రము.

ప్రియులారా, ఈసారి రోగిని చూడడానికి వెళ్లినప్పుడు ప్రార్థించండి. ప్రార్థన ముగిశాక లేచి వచ్చేయకండి. ఈ వారం కూలికి ఎవరు వెళ్లారు? ఆసుపత్రికి తోడు ఎవరు వెళ్తున్నారు? పిల్లలు బడికి వెళ్తున్నారా? మెల్లగా, వారు సిగ్గుపడకుండా అడగండి. ఆ జవాబులు విన్నాక, యాకోబు 2:15–16 తీసి మీకు మీరే చదువుకోండి.

రోగుల ఇళ్లను, ఆ ఇళ్లను మోస్తున్న తల్లులను ప్రభువు ఆదరించును గాక. చూడవలసిన వైపు చూచే కన్నులు మనకు దయచేయును గాక. ఆమేన్.