నరం వీడియోలో దొరకదు

2020 జూన్‌లో, లాక్‌డౌన్ కాస్త సడలాక, పెద్ద అంబర్‌పేట్‌లో మా అక్క వాళ్ళింటికి వెళ్ళాను. మేనకోడలు అప్పుడు బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం. మేడ మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో ఇంజెక్షన్ పాఠం వింటోంది. సిగ్నల్ అక్కడే వస్తుందట.

ఊరుకోవచ్చు కదా! "మేం జావా ఇలాగే నేర్చుకున్నాం, ఇందులో ఏముంది?" అన్నాను.

"మీ ప్రోగ్రాం తప్పైతే ఎర్రర్ వస్తుంది మామయ్యా. నేను తప్పు చేస్తే?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి చరిత్ర తిరగేశాను.

దూరవిద్య మనకి కొత్తేం కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది, ఇప్పటి అంబేద్కర్ యూనివర్సిటీ అదే. దాని మొదటి వీసీ జి. రాంరెడ్డి గారే 1985లో ఇగ్నోకీ మొదటి వీసీ అయ్యారు. ఆ ఇగ్నో 1994లో పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ మొదలుపెట్టింది. ఎవరికి? అప్పటికే రిజిస్టరై, ఉద్యోగం చేస్తున్న నర్సులకి. పుస్తకాలు ఇంటికొచ్చినా ప్రాక్టికల్స్‌కి మాత్రం సెంటర్‌కి వెళ్ళాల్సిందే.

ఇంకా వెనక్కి వెళ్తే ఫ్లోరెన్స్ నైటింగేల్. ఆవిడ ఇండియాకి ఒక్కసారి కూడా రాలేదు. ఇక్కడి సైనిక స్థావరాలకి ప్రశ్నలు పంపించి, వచ్చిన జవాబులు చదివి నీళ్ళ గురించీ మురుగు గురించీ రాసింది. 1863 నాటి రాయల్ కమిషన్ నివేదికలో అవన్నీ ఉన్నాయి. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో మనకంటే సీనియర్ అన్నమాట :) అదే మనిషి 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సింగ్ స్కూలు పెట్టించినప్పుడు అమ్మాయిలకి శిక్షణ వార్డుల్లోనే!

నాకు అర్థమైంది ఇదీ. సమాచారం ఎంత దూరం నుంచైనా వస్తుంది. చెయ్యి తిరగాలంటే మాత్రం రోగి మంచం పక్కన నిలబడాలి. 1994లో చెయ్యి తిరిగినవాళ్ళకి పుస్తకం పంపారు. 2020లో వార్డు సరిగ్గా చూడని పిల్లలకి ముందు స్క్రీన్ దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల సంవత్సరంగా ప్రకటించింది కూడా ఆ ఏడాదినే!

మేనకోడలు ఇప్పుడు స్టాఫ్ నర్సు. ఆన్‌లైన్ పాఠాల మీద కోపమేం లేదు. డోసు లెక్కలు వీడియో వెనక్కి తిప్పి తిప్పి చూసే వచ్చాయంటుంది. "నరం మాత్రం సీనియర్ సిస్టర్ నా వేలు పట్టుకుని చూపిస్తేనే దొరికింది మామయ్యా."

వీడియో చివరిదాకా చూస్తే చాలు, 'కోర్సు పూర్తయింది' అని పచ్చ టిక్కు పెట్టే కోడు రాసేది మనమే. ఆ టిక్కు దేనికి పెడుతున్నామో ఒక్కసారి చూసుకుందాం. రేపు సూది గుచ్చించుకునేదీ మనమే కదా!