నీతి, శాసనం, దైవవిశ్వాసం: తెలుగునాట ఒక చర్చ చరిత్ర

మంచిచెడులు తేల్చుకోవడానికీ, చట్టాలు చేయడానికీ దేవుడి మీద నమ్మకం ఉండాలా అన్న చర్చ తెలుగునాట పందొమ్మిదో శతాబ్ది చివరి పాదం నుంచి సాగుతోంది. వితంతువుల పెళ్లిళ్లు, దేవదాసీల మాన్యాలు, జోగినుల బతుకు, ఆడపిల్లల ఆస్తి హక్కు వంటి విషయాల్లో ఇది ఎక్కువగా ముందుకొచ్చింది. ఆస్తికులు, నాస్తికులు, బ్రహ్మసమాజికులు, ఆర్యసమాజికులు, క్రైస్తవ సేవాసంస్థలు అందరికీ ఇందులో పాత్ర ఉంది.

ప్రమాణంలో రెండు రూపాలు

హైదరాబాదులోని హైదర్‌గూడ శాసనసభ్యుల క్వార్టర్లకు పేరుపడ్డ చోటు. అక్కడి కొత్త నివాస సముదాయం 2019 జూన్‌లో ప్రారంభమైంది. అందులో ఉండే ప్రతి సభ్యుడూ సభలో కూర్చునే ముందు రాజ్యాంగంలోని 188వ అధికరణం ప్రకారం ప్రమాణం చేయాలి. మూడో షెడ్యూలు ఆ ప్రమాణానికి రెండు రూపాలిచ్చింది. కావాలంటే దైవసాక్షిగా చేయవచ్చు, లేదంటే దేవుడి పేరెత్తకుండా మనస్సాక్షిగా చేయవచ్చు. రెండింటికీ విలువ ఒక్కటే. తొలి రూపంలో ప్రమాణం చేసిన సభ్యుడి ఓటుకు రెండో రూపంలో చేసినవారి ఓటు కంటే రవ్వంత బరువు కూడా ఎక్కువ ఉండదు.

ఈ వెసులుబాటు ఊరికే రాలేదు. 1880లో నార్తాంప్టన్ నుంచి బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లా, ప్రమాణం వివాదం వల్ల 1886 దాకా తన స్థానంలో నిలదొక్కుకోలేకపోయాడు. దేవుడి పేరు లేని ప్రమాణానికి అక్కడ పూర్తి చట్టబద్ధత 1888లో వచ్చింది. భారత రాజ్యాంగ సభలో 1949 అక్టోబరు 17న హెచ్.వి. కామత్, పీఠికను దేవుడి పేరుతో మొదలుపెట్టాలని సవరణ తెచ్చారు. ఓటింగులో అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 వచ్చాయి. కాదన్నవారిలో చాలామంది దైవభక్తులే. విశ్వాసాన్ని ఎవరి మీదా రుద్దకూడదన్నది వారి వాదన. ఈ చర్చ మొత్తంలో గుర్తుంచుకోదగ్గ ఘట్టం ఇదేనని చెప్పాలి.

శాస్త్రంతోనే శాస్త్రానికి జవాబు

హిందూ వితంతు పునర్వివాహ చట్టం 1856లోనే వచ్చింది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ దానికోసం పరాశర స్మృతిని ఆధారం చేసుకున్నారు. తెలుగునాట మాత్రం పాతికేళ్లపాటు అది కాగితం మీదే ఉంది. కందుకూరి వీరేశలింగం 1879లో రాజమండ్రిలో ఉపన్యాసాలు మొదలుపెట్టి, పండితులతో వారి గ్రంథాల్లోని మాటల మీదే వాదానికి దిగారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిగింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు ఇచ్చి వెనక నిలబడ్డారు. పెళ్లికి సాయపడినవారికి ఊళ్లో వెలి తప్పలేదు.

వీరేశలింగం ఏకేశ్వరవాది. ఆయన వాదంలో శాస్త్రప్రమాణం ముందుండేది, కానీ ఆయనను కదిలించింది చిన్నతనంలోనే తాడు తెగిన పిల్లల గోడు. శాస్త్రం ఎదుటివారిని ఒప్పించడానికి పనికొచ్చింది. అదే శాస్త్రంతో అవతలి పక్షంవారూ వాదించారు. గ్రంథం ఒక్కటే తీర్పు చెప్పగలిగి ఉంటే ఆ పోరాటం అన్నాళ్లు సాగేది కాదు.

నిజాం రాజ్యంలో ఇదే దారిని ఆర్యసమాజం వేదాల పేరుతో పట్టింది. నారాయణగూడలో కేశవ్ మెమోరియల్ విద్యాసంస్థకు పేరిచ్చిన జస్టిస్ కేశవరావు కొరట్కర్, ఆయన కుమారుడు వినాయకరావు విద్యాలంకార్ ఆ ఉద్యమ ప్రముఖులు. మాదరి భాగయ్యగా పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, దళిత వాడల్లో ఆడపిల్లలను దేవతలకు అంకితం చేసే ఆచారంపై హైదరాబాదులో పోరాడారు.

దేవదాసీల చట్టం

మద్రాసు శాసనమండలిలో 1927లో అడుగుపెట్టిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి దేవదాసీ వ్యవస్థ రద్దును సభ ముందుకు తెచ్చారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోవే. 1929 సవరణతో ఇనాం భూములకు గుడిలో సేవ చేయాలన్న షరతు తొలగింది. మడిచెక్క పోతుందన్న భయం పోతే తప్ప ఆ ఇళ్లలో తల్లులు బిడ్డలను ఆ దారి తప్పించలేరని గ్రహించిన చట్టం ఇది. అంకితాన్నే నేరం చేసిన చట్టం 1947లో వచ్చింది. అంతకుముందు సంప్రదాయం పేరుతో సత్యమూర్తి వంటి జాతీయ నాయకులూ ఈ రద్దు ప్రయత్నాన్ని వ్యతిరేకించారు.

గోరా, గాంధీ

విశ్వాసం లేనివాడు నీతిమంతుడు కాగలడా అన్న ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్న తెలుగువాడు గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు (1902–1975). వృక్షశాస్త్ర అధ్యాపకుడు. 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఆయన ఉద్యోగం నాస్తికత్వం వల్లే పోయింది. ఆ కాలేజీని అంతకుముందు రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజ భావాలతో తీర్చిదిద్దారు. దళిత విద్యార్థులకు తలుపులు తెరిచారు, భోగంమేళాలపై పోరాడారు. ఇంత ఉదారమైన ఆస్తికత్వానికీ నాస్తికుడు కొరుకుడు పడలేదు.

మచిలీపట్నంలోనూ కొలువు వదులుకున్నాక గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. భార్య సరస్వతి గోరాతో కలిసి అంటరానితనంపై పని చేస్తూ, సహపంక్తి భోజనాలు పెట్టించారు. నాస్తికత్వం ఆత్మను కాదనుకోవడమేనని 1941లో గాంధీ ఆయనకు రాశారు. 1944లో సేవాగ్రామ్‌లో కలిశాక మాటల కన్నా పనిని చూశారు. గోరా పెద్దమ్మాయి మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో సేవాగ్రామ్‌లో పెళ్లి చేయడానికి ఒప్పుకున్నారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి బదులు సత్యం పేరు పెట్టడానికీ సరేనన్నారు. గాంధీ హత్య తర్వాత 1948 మార్చి 13న ఆ పెళ్లి అక్కడే జరిగింది. ఈ సంగతులతో గోరా రాసిన పుస్తకాన్ని గాంధీ స్థాపించిన నవజీవన్ ప్రచురణ సంస్థే 1951లో అచ్చువేసింది.

పెళ్లి చట్టాల్లోనూ ఇదే మార్పు కనిపిస్తుంది. 1872 నాటి చట్టం కింద పెళ్లాడాలంటే వధూవరులు ఫలానా మతాలకు చెందినవాళ్లం కామని ప్రకటించాల్సి వచ్చేది. 1954 ప్రత్యేక వివాహ చట్టం ఆ షరతును ఎత్తేసింది. ఈలోగా తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి పురోహితుణ్ణి పక్కనపెట్టి, సంస్కృత మంత్రాలకు బదులు తెలుగులో పెళ్లితంతు రాశారు.

స్టూవర్టుపురం నుంచి వర్ని దాకా

నేటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం కథకు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. ఎరుకలను పుట్టుకతోనే నేరస్తులుగా చూసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఆ సెటిల్‌మెంటు వెలిసింది. దాని నిర్వహణను ప్రభుత్వం క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. ఆ చట్టం 1952లో రద్దయినా మచ్చ మాసిపోలేదు. 1970ల్లో గోరా కుమారుడు లవణం, ఆయన భార్య హేమలత అక్కడికి వెళ్లి దొంగతనాలు మానినవారికి పునరావాసం కోసం పాటుపడ్డారు. హేమలత మహాకవి గుఱ్ఱం జాషువా కూతురు. ఒకే ఊళ్లో ముందు దేవుణ్ణి నమ్మినవారు, తర్వాత నమ్మనివారు పనిచేశారు. ఎవరి విశ్వాసం ఏదైనా, మొదట మార్చాల్సి వచ్చింది మనుషులను పుట్టుకతో దోషులుగా లెక్కగట్టిన శాసనాన్నే.

తర్వాత ఆ దంపతులు నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య పనిచేశారు. వర్నిలో చెల్లి నిలయం వెలిసింది. ఇలాంటి కృషి వెనక ఉండగా 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీల అంకిత నిషేధ చట్టం వచ్చింది. జోగిని, బసివి, మాతమ్మ వంటి పేర్లన్నీ దాని పరిధిలోకి వచ్చాయి.

ఆడబిడ్డల వాటా

ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన 1986 సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. వెండితెర మీద రాముడు, కృష్ణుడిగా ఇంటింటా పూజలందుకున్న నాయకుడు, స్వయంగా భక్తుడు తెచ్చిన చట్టమిది. అయినా దాని ప్రస్తావనలో ఏ స్మృతీ లేదు. రాజ్యాంగం చెప్పిన సమానత్వానికి ఆడపిల్లను వేరు చేయడం విరుద్ధమనీ, వరకట్నానికి అదే మూలమనీ ఉంది. ఆస్తికుడైన శాసనకర్త తనతో ఏకీభవించని పౌరుడికి కూడా అర్థమయ్యే కారణం చూపించడం ఇక్కడ ముఖ్యం. 1881లో రాజమండ్రిలో వీరేశలింగానికి శాస్త్రవాక్యం కావాల్సి వచ్చింది. నూరేళ్లు దాటాక అదే నేల మీద సమానత్వం అన్న మాట చాలింది.

నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి 1992లో పాకిన సారా వ్యతిరేక ఉద్యమానిదీ ఇదే తీరు. తాగి కొట్టే మొగుళ్లు, సారా కొట్టుకు పోయే కూలి డబ్బులే ఆ ఆడవాళ్లు చూపిన కారణాలు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. మద్యనిషేధం రెండేళ్లకే సడలింది. కూతురి వాటా మాత్రం నిలిచింది. 2005లో పార్లమెంటు దాన్ని దేశమంతటికీ విస్తరించి, పెళ్లయిన కూతుళ్లకూ వర్తింపజేసింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా ఆ హక్కు కూతురిదేనని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పింది.