కొండచిలువ
కొండచిలువ విషంలేని పెద్ద పాము. కుప్పం, పలమనేరు అడవుల్లోని కౌండిన్య అభయారణ్యం దీని నెలవుల్లో ఒకటి.

ఆహారం: కుందేళ్లు, ఎలుకలు, పక్షులు. వెనక్కి వంగిన పళ్లతో ఎరను ఒడిసిపట్టి, చుట్టలు చుట్టి బిగిస్తుంది. రక్తప్రసరణ ఆగి ఎర చచ్చాక తలవైపు నుంచి మింగుతుంది. కడుపు నిండితే వారాల తరబడి తినదు. అప్పుడు కదిలిస్తే మింగినదాన్ని కక్కేస్తుంది.

పెంపకం: విదేశాల్లో కొందరు వలగీతల కొండచిలువ అనే మరో జాతిని పెంచుకుంటారు. కానీ మన కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టి పెంచుకుంటే 3 నుంచి 7 ఏళ్ల జైలు. పొలంలో కనబడితే దూరంగా ఉండి అటవీశాఖకు చెప్పాలి.