గుండె లయ, అడుగు లయ

పరుగెత్తేటప్పుడు గుండె నిమిషానికి 170 సార్లు కొట్టుకుంటోంది, అడుగులూ 170 పడుతున్నాయి అనుకోండి. ఇది కాకతాళీయమా, లేక ఒకదాని మాట ఇంకోటి వింటోందా? నేను కోడు రాసుకుని బతికేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. కానీ రెండు టైమర్లు ఒకే అంకె చూపించినంత మాత్రాన అవి సింక్ అయ్యాయంటే మా వాళ్ళెవరూ ఒప్పుకోరు. అందుకే ఈ ప్రశ్న చరిత్ర నన్ను పట్టుకుంది.

నాడిని లెక్కపెట్టాలన్న తపన పాతదే. క్రీస్తుపూర్వమే అలెగ్జాండ్రియాలో హీరోఫిలస్ నీటి గడియారంతో నాడి కొలిచాడు. 1707లో ఇంగ్లండు వైద్యుడు జాన్ ఫ్లాయర్, సరిగ్గా ఒక నిమిషం నడిచే గడియారంతో నాడి చూడమని పుస్తకమే రాశాడు. అయితే ఇదంతా కదలకుండా ఉన్న మనిషి సంగతి.

రెండు లయలు ఎలా కలుస్తాయన్నది 1665లో హైగెన్స్ కంటబడింది. ఒకే ఆధారానికి వేలాడే రెండు లోలకం గడియారాలు కాసేపయ్యాక ఒకదానికొకటి ఎదురుగా, తప్పకుండా ఊగడం మొదలెట్టాయి. రెంటినీ మోస్తున్న దూలంలో కంటికి కనపడని కదలికే కారణం. అంటే లయలు కలవాలంటే మధ్యలో ఒక దూలం ఉండాలన్నమాట.

మరి గుండెకీ కాళ్ళకీ మధ్య దూలమేది? ముఖ్యంగా రక్తమే. కాలి కండరం బిగుసుకుంటే లోపలి నాళాలు నొక్కుకుపోతాయి. సరిగ్గా అదే క్షణంలో గుండె కూడా పిండుకుంటే, మూసిన తలుపు మీదకి రక్తాన్ని తోసినట్టే. గుండె సడలినప్పుడు కండరం బిగుసుకుంటే పని కాస్త తేలిక. 1967లో అమెరికాలో ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ రోగికి వాడిన బెలూన్ పంపుదీ ఇలాంటి కిటుకే: గుండె సడలినప్పుడు ఉబ్బుతుంది, పిండుకునే ముందు ముడుచుకుంటుంది.

1989లో కెనడా పరిశోధకులు నడకలోనూ పరుగులోనూ ఈ రెండు లయలు జతపడటాన్ని నమోదు చేశారు. 2018లో ఇంకో అధ్యయనం, పరుగెత్తేవాళ్ళకి శబ్దంతో తాళం ఇచ్చి, ఒకసారి గుండె పిండుకునేటప్పుడు, ఇంకోసారి సడలేటప్పుడు అడుగు పడేలా చూసింది. వేగం మారలేదు, కానీ రెండో పద్ధతిలో గుండె వేగం కాస్త తగ్గింది. గమనించారా, తేడా తెచ్చింది అంకె కాదు, అడుగు పడిన క్షణం.

చిక్కంతా ఇక్కడే. 1982లో ఫిన్లండులో పోలార్ వాళ్ళు తెచ్చిన వైర్‌లెస్ యంత్రం ఛాతీ పట్టీతో గుండె విద్యుత్తుని పట్టుకునేది. తర్వాతొచ్చిన చేతి వాచీలు చర్మం కింద రక్తం మీద వెలుతురు వేసి చూస్తాయి. చెయ్యి ఊగితే ఆ వెలుతురూ ఊగుతుంది. దాంతో వాచీ ఒక్కోసారి అడుగుల్ని నాడి అనుకుని లెక్కపెడుతుంది! రెండూ 160, 170 దగ్గరే ఉంటే ఇక పట్టుకోవడం కష్టం. ఆ అంకె చూసి ఒకరు లేనిపోని భయం పెట్టుకుంటారు, ఇంకొకరు ఒళ్ళు చెబుతున్నది వినకుండా పరుగెడతారు.

నా మటుకు నేను చెప్పేదొక్కటే. అంకెలు కలిస్తే లయలు కలిసినట్టు కాదు. అనుమానమొస్తే ఆగి, వెంటనే మణికట్టు మీద వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేయండి. ఆగాక నాడి త్వరగా దిగుతుంది కాబట్టి ఆలస్యం చెయ్యకండి. ఫ్లాయర్ చెప్పిన పద్ధతికి మూడొందల ఏళ్ళు దాటినా, దానికి చార్జింగ్ అక్కర్లేదు.